చేతికి తెలియని బిగువు

మందులు అయిపోయి రెండు నెలలైంది. ఇప్పుడు రాయకపోతే ఇక ఎప్పటికీ రాయను. భయం తగ్గాక మనిషికి ఎక్కడలేని ధైర్యం వస్తుంది, అన్నీ ముందే తెలిసినట్టు మాట్లాడతాడు. నేను ఆ ఏడాదంతా భయపడ్డాను. ఇంకా పడుతూనే ఉన్నాను. నాలాగే వేళ్లలో తిమ్మిరి పెట్టుకుని, అదే పోతుందిలే అని తిరిగేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం రాస్తున్నాను. సగం నా గుండె కుదుటపడటం కోసం కూడా.

నా పేరు సరోజ. మంచిర్యాల దగ్గర బొగ్గుగనుల క్వార్టర్లలో ఉంటాం. మా ఆయన గనిలో పనిచేస్తూనే గుండెజబ్బుతో పోయాడు. ఆయన బదులు నాకు ఉద్యోగం ఇచ్చారు, గని లోపల కాదు, తోటపనిలో. ఇంట్లో మా అత్త మల్లమ్మ, పదో తరగతి చదివే నా బిడ్డ మౌనిక, నేను. గెస్ట్‌హౌస్ ముందు, క్లబ్బు ముందు పెద్ద పచ్చికలున్నాయి. వాటిని పెట్రోలు మిషన్‌తో కోయడం నా పని. అంతకుముందు తోటలో ఆడవాళ్లకు కొడవలి, నీళ్ల పైపు మాత్రమే ఇచ్చేవారు. మిషన్ నేను కొట్లాడి తీసుకున్నాను. ఆడదానికి మిషన్ ఎందుకని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాకు నేర్పింది రహీం చాచా. మిషన్లు బాగుచేసే పాత ఫిట్టరు. మొదటిరోజు బ్లేడు బోల్టు చేతిలో పెట్టి, "గీ సూడి ఖరాబు కాకుండ సూస్కో బిడ్డా" అన్నాడు. మా దగ్గర సూడి అంటే కడుపుతో ఉన్న బర్రె. నాకు నవ్వాగలేదు. "బోల్టుకు సూడేంది చాచా, ఎన్నో నెల?" అన్నాను. ఆయనా పడీపడీ నవ్వాడు. సూడి అంటే వాళ్ల ఉర్దూలో గాజట, బోల్టు చుట్టూ గాజుల్లా తిరిగి ఉండే గీతలట. ఆ రోజు నుంచి నన్ను చూస్తే చాలు, "సూడి మంచిగున్నదా?" అని అడిగేవాడు.

బ్లేడు మార్చడం పెద్ద విద్యేమీ కాదు, కానీ వరస తప్పకూడదు. ముందు ప్లగ్గు వైరు ఊడదీయాలి. మిషన్‌ని పక్కకు ఒరగబెట్టి, బ్లేడు తిరగకుండా కట్టెముక్క అడ్డం పెట్టాలి. పాత బ్లేడు తీసి, పట్టిన గడ్డి గీకి, కొత్తదాన్ని దాని రెక్కలు మిషన్ వైపుకు ఉండేలా పెట్టాలి. కొత్త స్ప్రింగు వాషర్ వేసి బోల్టు ఎక్కించాలి. ఆఖరున బిగింపు. అదే అసలు పని. బోల్టు తిప్పే పాన పట్టి లాగుతూ పోతే వాషర్ అణిగిపోతుంది, దాని తర్వాత ఇంకో పావు చుట్టు. అక్కడ చెయ్యి "ఇక చాలు" అంటుంది. వదులైతే బ్లేడు ఊడుతుంది, మరీ బిగిస్తే బోల్టు సాగి సూడి పోతుంది. "గది నోటితోని చెప్పేది కాదు, చేతికే తెలుస్తది" అనేవాడు చాచా. నా చేతికి తెలిసింది కూడా, నాలుగేళ్లు.

పోయిన ఏడాది ఆషాఢంలో వానలు బాగా పడ్డాయి. ఇవాళ కోస్తే ఎల్లుండికి మళ్లీ చీలమండ దాకా లేచేది గడ్డి. రోజంతా మిషన్ పిడి పట్టుకునేసరికి కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కేవి. నాతో పనిచేసే పోశక్క, "మిషన్ పట్టుకుంటే గట్లనే గుంజుతది, జండూబాం రాయి" అంది. రాశాను. మంట తెలియలేదు. మంచి బాం కాదేమో అనుకున్నాను.

ఒకరోజు సాయంత్రం అన్నం పెడుతుంటే మా అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఏందే గీ పొక్కు?"

చూస్తే చిటికెన వేలి కింద రూపాయి బిళ్లంత కాలి, తోలు లేచి ఉంది. సైలెన్సర్‌కి తగిలి ఉంటుంది. ఎప్పుడు తగిలిందో నాకు తెలియదు. మధ్యాహ్నం ఎక్కడో తోలు కాలిన వాసన వచ్చిందని మాత్రం గుర్తుంది, ఎవరో కోడిని కాలుస్తున్నారనుకున్నాను. ఆ రోజే భయపడి దవాఖానకు పోవాల్సింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. పసుపు అద్దుకుని మర్నాడు పనికి పోయాను.

ఆ వారమే మిషన్లకు కొత్త బ్లేడ్లు వచ్చాయి. చాచా చుట్టాల పెళ్లికి నిజామాబాద్ పోయాడు, నేనే కూర్చుని మార్చాను. మొదటి బోల్టు బిగిస్తుంటే విచిత్రంగా అనిపించింది. లాగుతున్నాను, చెయ్యి ఏమీ చెప్పడం లేదు. వాషర్ అణిగిందో లేదో తెలియదు. ఇంకొంచెం లాగాను. అయినా తెలియలేదు. మా గనుల మనుషులకు ఒక అలవాటుంది. పానకు బలం చాలకపోతే దానికి ఇనుప పైపు తొడిగి లాగుతారు. గని లోపల ముంజేతి లావు బోల్టులకు అది సరిపోతుంది. మా ఆయన ఇంట్లో నీళ్ల కుళాయికి కూడా పైపు పెట్టి రెండుసార్లు విరగ్గొట్టాడు. నేనూ ఆయన పెళ్లాన్నే కదా. మూల నుంచి పైపు తెచ్చి తొడిగి, ఒళ్లంతా వేసి లాగాను. ఇంత బిగించాక ఇక ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

రెండో రోజు క్లబ్బు పచ్చికలో ఊడింది.

ముందు ఠక్కుమని చప్పుడైంది. మిషన్ నా చేతుల్లో ఎగిరింది. కింది నుంచి ఏదో మెరుస్తూ పోయింది. కుళాయి దగ్గర నీళ్లక్యాను పెట్టి, చెంబు కడగడానికి అవతలికి జరిగింది పోశక్క. బ్లేడు ఆ క్యానును చీల్చుకుంటూ పోయి గోడకు తగిలి పడింది. నీళ్లన్నీ ఆమె కాళ్ల మీదుగా పారుతున్నాయి. ఆమె చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె ఒక్క అడుగు ఇటు ఉండి ఉంటే అన్న ఆలోచన ఆ తర్వాత ఎన్ని నెలలు నన్ను పట్టుకుందో చెప్పలేను.

చాచా తిరిగొచ్చి బోల్టు ముక్క చూశాడు. గీతలన్నీ సాగి, మెడ దగ్గర తెగింది.

"పైపు పెట్టినవా?"

"పెట్టిన చాచా."

"నేను నేర్పిన పిల్లవు పైపెందుకు పెట్టినవ్?" కోపంగానే అడిగాడు.

"బిగిసినట్టు తెలుస్తలేదు" అన్నాను. అప్పటికే ఏడుపు వచ్చేస్తోంది.

ఆయన కోపం దిగిపోయింది. నా చేతిని తిప్పి కాలిన మచ్చ చూశాడు. "కండ్లు మూస్కో. అరచేతుల ఒకటి పెడ్త. నట్టా, వాషరా చెప్పు."

బొటనవేలి పక్కన పెట్టినప్పుడు నట్టని చెప్పేశాను. "మంచిది, ఇంకోటి" అన్నాడు. కళ్లు మూసుకునే ఉన్నాను. ఎదురుచూస్తున్నాను. కొంతసేపయ్యాక, "పెట్టు చాచా" అన్నాను.

"పెట్టి శానసేపాయె బిడ్డా."

కళ్లు తెరిస్తే చిటికెన వేలి కింద నట్టు ఉంది. పక్కన ఒక వాషర్ కూడా ఉంది. నా చెయ్యి నాది కాకుండా పోయినట్టు, ఎవరిదో చేతిని నా ఒళ్లో పెట్టుకున్నట్టు అనిపించింది.

మర్నాడే మంచిర్యాలలో పెద్దదవాఖానకు పోయాను. చీటీ తీసుకుంటే ఒక గది, అక్కడి నుంచి ఇంకో గది, అక్కడి నుంచి వరండా చివర ఒక చిన్న గదికి పంపారు. దాని ముందు బెంచీ మీద నలుగురం. ఎవరూ ఎవరితో మాట్లాడటం లేదు. మిగతా గదుల ముందు జనం జబ్బులు చెప్పుకుంటున్నారు, ఏ ఊరు, ఎవరి బిడ్డవని అడుక్కుంటున్నారు. మా బెంచీ మీద అందరూ నేలకేసి చూస్తున్నారు. ఒక ముసలాయన కాలికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు, వేళ్లు ఉండాల్సిన చోట గుడ్డ చదునుగా ఉంది. అప్పుడు నాకు అర్థమైంది ఇది ఏ గదో. లేచి పోదామనుకున్నాను. చీటీ మీద నా పేరు రాసి ఉంది, పిలిస్తే పలకకపోతే ఏమనుకుంటారోనని కూర్చున్నాను. అంత భయంలోనూ మర్యాద చూసుకున్నాను, నా తెలివి అలాంటిది.

డాక్టరమ్మ చిన్నదే, ఓపిక ఉన్నది. కళ్లు మూయించి దూదితో, పెన్నుతో తాకింది. మోచేతి వెనక నరాన్ని వేలితో నొక్కితే ప్రాణం పోయినంత పనైంది. వీపు చూస్తానంది.

"ఈ మచ్చలు ఎన్నాళ్ల నుంచి ఉన్నాయమ్మా?"

"ఏ మచ్చలు?"

భుజం మీది ఒకటి నాకు తెలుసు, శోభి మచ్చ అనుకున్నాను. వీపు మీద ఇంకో ఏడు ఉన్నాయట. నా వీపు నేనెప్పుడు చూసుకున్నాను? చూసే మనిషి పోయి అయిదేళ్లు.

ఆమె గొంతు తగ్గించి ఆ పేరు చెప్పింది. కుష్టు. మొత్తం వినమ్మా, ఇది తగ్గుతుంది, ఏడాది గోలీలు, మొదటి మోతాదు పడ్డాక ఇంకొకరికి అంటదు, నరం దెబ్బతిని ఎక్కువ రోజులు కాలేదు కాబట్టి స్పర్శ కూడా కొంత తిరిగి రావచ్చు అని వరసగా చెప్పింది. నాకు మొదటి మాట తప్ప ఏదీ చెవికెక్కలేదు. బస్సులో కిటికీ పక్కన చేతులు కొంగులో చుట్టుకుని కూర్చున్నాను. కండక్టరు చిల్లర చేతికిస్తుంటే వద్దని తల ఊపాను.

ఇంట్లో నరం వత్తుకుందని చెప్పాను. పనిలోనూ అదే. తేలు కుట్టిన దొంగలా తిరిగాను. గోలీల అట్టను బియ్యం డబ్బాలో దాచాను. మొదటి మోతాదుకు ఒంటేలు ఎర్రగా వచ్చింది. డాక్టరమ్మ ముందే చెప్పినా, చూసేసరికి రక్తమేననుకుని గోడ పట్టుకుని నిలబడ్డాను. మౌనిక నా కంచంలో చెయ్యి పెడితే కసిరాను. ఆ పిల్లకు ఏమీ అర్థం కాక ఏడ్చింది. నేను అవతలికి పోయి ఏడ్చాను.

దాచడం పదిహేను రోజులే సాగింది. రెండోసారి పోయినప్పుడు డాక్టరమ్మ, ఇంట్లోవాళ్లందర్నీ తీసుకొచ్చి చూపించాలంది. నా రోగం కంటే పెద్ద భయం ఒకటి ఉందని అప్పటిదాకా తెలియదు. నా బిడ్డ వీపు మీద ఏముందో నాకు తెలియదు. అది పెద్దమనిషయ్యాక నేను చూడలేదు.

ఇంటికొచ్చి మా అత్తకు చెప్పాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. లేచి తన కంచం, చెంబు తీసుకుని అవతలి గదిలోకి పోయింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు, ఎందుకు చెప్పానా అని కుమిలిపోయాను. నాలుగో రోజు పొద్దున తలుపు దగ్గర కూర్చుని తనే మొదలుపెట్టింది.

"మా అవ్వకు, నన్ను కన్నదానికి, గిదే ఉండె. ఆసిఫాబాద్ దిక్కు మా ఊర్లె. చేను కాడ గుడిసె ఏసి పెట్టిండ్రు. నేను ఏడేండ్ల పొల్లను. జొన్నరొట్టె తీస్కపోయి రాయి మీద పెట్టి ఉరికొచ్చేదాన్ని. బిడ్డా జర నిలవడే, నీ మొకం సూస్త అనేది. నేను నిలవడకపోయేది."

నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను.

"గిప్పుడు గోలీలతోని పోతదా?"

"పోతదట అత్తా."

"గా గోలీలు అప్పుడెందుకు లేకుండె?" అని అడిగింది. జవాబు నేనే చెప్పాలన్నట్టు చాలాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత కంచం తెచ్చి యథాస్థానంలో పెట్టింది. "నడువు, పొల్లను తీస్కపోదాం" అంది.

ఆ రోజు దవాఖానలో నేను బెంచీ మీద, వాళ్లిద్దరూ లోపల. తలుపు మూసి ఉంది. నాకు రోగం ఉందని తెలిసిన రోజు కూడా అంత భయపడలేదు. బాసర తల్లికి, కొమురెల్లి మల్లన్నకు, గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. మౌనిక బయటికొచ్చి జడ సర్దుకుంటూ, "ఏం లేదటమ్మా. నాకూ నానమ్మకూ ఒక్కో గోలీ మింగిపిచ్చిండ్రు. ఆకలైతుంది" అంది. బస్టాండులో దానికి రెండు ప్లేట్ల మిర్చి కొనిచ్చాను. నేను ఒక్కటీ మింగలేకపోయాను.

ఆ తర్వాతి నెలలు నెమ్మదిగా, ఒకే తీరుగా గడిచాయి. నరానికి ఇచ్చిన మందుకు ముఖం ఉబ్బింది. గోలీలకు ఒళ్లు నల్లబడింది. బతుకమ్మ ఆడటానికి పోలేదు, ఎవరైనా చెయ్యి పట్టుకుంటారని భయం. "ఏందే గింత నల్లగైనవ్?" అని ఎవరైనా అడిగితే ఎండ అనేదాన్ని. వానాకాలంలోనూ ఎండే. చేతులు రోజూ చూసుకోవాలి, దెబ్బ తగిలినా నీకు తెలియదని డాక్టరమ్మ చెప్పింది. ఆ పని మా అత్త పట్టుకుంది. ఆమెకు చూపు ఆనదు. కానీ నలభై ఏళ్లు బీడీలు చుట్టిన వేళ్లు అవి. దీపాలు పెట్టే వేళకు నన్ను కూర్చోబెట్టి, నా వేళ్లు ఒక్కొక్కటే తడిమేది. "గీడ ముల్లున్నది" అంటే నిజంగా ముల్లుండేది. నా చెయ్యి అలా ఆమె ఒళ్లో ఉన్నప్పుడే నాకు కొంచెం నెమ్మదిగా ఉండేది.

మాఘమాసం దాటాక ఉంగరపు వేలిలో చీమలు పాకినట్టు మొదలైంది. స్పర్శ వస్తోందంది డాక్టరమ్మ. కొంత వచ్చింది. చిటికెన వేలు మాత్రం ఇప్పటికీ మొద్దుగానే ఉంది. అది రాకపోవచ్చు.

పనిలో నన్ను నీళ్లు పట్టడానికి మార్చారు. మిషన్ పోశక్కకు ఇచ్చారు, చాచాయే నేర్పాడు. ఉగాదికి ముందు ఆయన రిటైరయ్యాడు. పోయేరోజు నన్ను పక్కకు పిలిచాడు. నా రోగం ఏమిటని ఆయన ఎన్నడూ అడగలేదు, కనిపెట్టాడనే నా అనుమానం.

"మల్ల బ్లేడు ముట్టుకునే దినం వస్తది. గప్పుడు ఇంకో చెయ్యి ఎంబడి పెట్టుకో. ఎందుకు పెట్టుకుంటున్నవో చెప్పి పెట్టుకో. ఊకెనే సూడు అంటే ఎవ్వలు మంచిగ సూడరు బిడ్డా."

ఆ దినం మొన్న బతుకమ్మకు వారం ముందు వచ్చింది. ఆడవాళ్లంతా క్లబ్బు పచ్చికలోనే ఆడతారు, గడ్డి కోయాలి. బ్లేడ్లు మొద్దుబారాయి. కొత్త ఫిట్టరు రాలేదు. "సరోజకు తెలుసు కదా, మార్చెయ్" అని సూపర్‌వైజరు చెప్పి వెళ్లిపోయాడు. మందులు అయిపోయాయి, ఇంకేం సాకు చెప్పను? ప్లగ్గు వైరు ఊడదీశాను. కట్టెముక్క పెట్టాను. బ్లేడు రెక్కలు రెండుసార్లు చూసుకున్నాను. కొత్త బోల్టు, కొత్త వాషర్. పాన పట్టి లాగాను. వాషర్ అణిగింది, అది తెలిసింది. ఇంకొంచెం లాగాను. అక్కడ చెయ్యి ఇక చాలు అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఏడాది తర్వాత నా చెయ్యి మాట్లాడింది.

పోశక్క పక్కనే నిలబడి పెట్రోలు డబ్బా పట్టుకుని ఉంది. "అయ్యిందా? ఇయ్యి, మబ్బు పడుతున్నది, కోసేస్త" అంది.

అయ్యిందని చెప్తే అయిపోయేది. నా నోటిదాకా వచ్చింది కూడా. మిషన్ వెనక నడిచేది ఆమె. ఆమె పాదాలు చూశాను, స్లిప్పర్లు వేసుకుని ఉంది. ఆ చెప్పుల మీదుగా పారిన నీళ్లు కళ్ల ముందుకొచ్చాయి.

"అక్కా, ఒకసారి నువ్వు పట్టి సూడు."

"నువ్వు సూసినంక నేనేం సూస్తనే? నాకంటె ముందుగాల నేర్సినదానివి."

"నా చేతికి తెల్వది. నాకు నరం వత్తుకున్నది కాదక్కా. కుష్టు అచ్చింది. ఏడాది గోలీలు మింగిన, తగ్గింది, ఎవ్వలకు అంటదు. కని వేళ్లకు తెల్వది. పోయినేడు నీ మీదికి బ్లేడు అందుకే పోయింది."

ఆ మాట మా ఇంటి బయట నేను అనడం అదే మొదలు. పోశక్క పెట్రోలు డబ్బా కింద పెట్టింది. నన్ను చూసింది, నా చేతిలోని పానను చూసింది. అది నా అరచేతి చెమటతో తడిసి ఉంది. కొంగుతో తుడుచుకుంటుందని ఎదురుచూశాను. తుడుచుకుంటే నేనేమీ అనుకోకూడదని కూడా గట్టిగా అనుకున్నాను.

"గిన్ని దినాలు ఎందుకు చెప్పలేదే పిచ్చిదానా" అంది. పాన అలాగే తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, బోల్టుకు తగిలించి లాగింది.

నా చెయ్యి చాలన్న బోల్టు ఇంకో పావు చుట్టు తిరిగి, అప్పుడు బిగిసింది.